లేయర్ల పీడీఎఫ్‌ను ఫ్లాటెన్ చేయడానికి ఏది మేలు? మ్యూటూల్‌కు నా మార్కులు

మ్యూటూల్ పీడీఎఫ్‌లతో పనిచేసే ఉచిత కంప్యూటర్ సాధనం. దీనికి కిటికీలు లేవు, బటన్లు లేవు. నల్ల తెర మీద ఆదేశం టైపు చేస్తే పని చేస్తుంది, ఒక్క అక్షరం తప్పితే విసుక్కుంటుంది. అయినా కత్తిరించి అతికించే కాగితం మోడళ్ళ పీడీఎఫ్‌లను ప్రింటుకు ఇచ్చే ముందు ఫ్లాటెన్ చేయడానికి, అంటే లేయర్లన్నీ ఒకే పొరగా చదును చేయడానికి, నేను వాడి చూసిన ఉచిత సాధనాల్లో పదికి ఎనిమిది మార్కులు దీనికే వేస్తాను. అడోబ్ రీడర్‌కు ఆరు. గోస్ట్‌స్క్రిప్ట్ అనే ఇంకో ఉచిత సాధనానికి మార్కులు వేయడం కష్టం. ఒక రకం మోడళ్ళకు అది మహారాజు, ఇంకో రకానికి దండగ.

నాది గుంటూరు బ్రాడీపేటలో డీటీపీ, ప్రింటింగ్ పని. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో శుభలేఖలు కూర్చే రోజుల నుంచీ ఈ కుర్చీలోనే ఉన్నాను. సాయంత్రం షట్టర్ దించాక మిగిలిపోయిన కార్డు షీట్లతో ఇళ్ళు, కోటలు, గాలిమరలు కట్టడం నా వ్యసనం. అందువల్ల ఫైలు తెచ్చే కుర్రవాడి బాధా తెలుసు, దాన్ని అందుకునే ఆపరేటర్ చిరాకూ తెలుసు.

ముందు ఈ ఫైళ్ళ తీరు చెప్పాలి. టేబుల్ మీద ఆడే ఆటల కోసం, 28 మిల్లీమీటర్ల బొమ్మల పక్కన నిలబెట్టడానికి కాగితం ఇళ్ళు డిజైన్ చేసి అమ్మేవారు విదేశాల్లో చాలామందే ఉన్నారు. డేవ్ గ్రాఫమ్ మోడల్స్, ఫ్యాట్ డ్రాగన్ గేమ్స్ ఈ రంగంలో పాత పేర్లు. వీరి ఫైలు ఒక్కటి కొంటే నిజానికి పది ఇళ్ళు కొన్నట్టే. గోడకు ఇటుక కావాలా, రాయి కావాలా, సున్నం పూతా. తలుపు ఏది, కిటికీ ఏది. పైకప్పు పెంకుదా, గడ్డిదా. మడత గీతలు కనిపించాలా వద్దా. ఇవన్నీ ఒకే పేజీలో లేయర్లుగా ఉంటాయి. నాలుగు రంగుల ఫిల్ములను ఒకదాని మీద ఒకటి పరిచి లైట్ టేబుల్ మీద చూసినట్టే అనుకోండి, కాకపోతే ఏ ఫిల్మును తీసేయాలో ఏది ఉంచాలో మన ఇష్టం. పీడీఎఫ్‌లోకి ఈ సౌకర్యం 1.5 వెర్షన్‌తో, 2003లో అక్రోబాట్ 6 వచ్చినప్పుడు వచ్చింది.

చిక్కంతా ఎక్కడంటే, లేయరుకు తెర మీద ఒక స్థితి, ప్రింటులో ఇంకో స్థితి ఉండవచ్చు. 'కనబడితేనే ప్రింటు కావాలి', 'ఎప్పుడూ ప్రింటు కావాలి', 'ఎన్నడూ ప్రింటు కాకూడదు' అని డిజైనరు ముందే నిర్ణయించి పెట్టే వీలుంది. పైగా మీరు ఇంట్లో లేయరును వెలిగించే, ఆర్పే కన్ను గుర్తు నొక్కి రాతిగోడ ఎంచుకుని, ఫైలు మూసి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని షాపుకు వెళితే, ఆ ఎంపిక మీతో రాదు. ఫైలు మళ్ళీ తెరిచినప్పుడు డిజైనరు పెట్టిన మొదటి స్థితికే తిరిగిపోతుంది. షాపులో చాలాసార్లు పీడీఎఫ్ తెరుచుకునేది బ్రౌజర్‌లో. క్రోమ్‌లో లేయర్ల జాబితాయే ఉండదు. ఫైర్‌ఫాక్స్ పక్క పట్టీలో ఉంటుంది గానీ, వెనక రికార్డు షీట్ల కోసం, హాల్ టికెట్ల కోసం వరుస నిలబడి ఉండగా అది తెరిచి చూసే తీరిక ఎవరికి?

"అన్నా, నా ల్యాప్‌టాప్‌లో రాతిగోడే కనిపించింది" అని ఇంజనీరింగ్ కుర్రవాడు అంటాడు. "బాబూ, నాకు ఇటుకే కనబడుతోంది, నేను ఇటుకే తీశాను" అని ఆపరేటర్ అంటాడు. ఇద్దరి మాటా నిజమే. డబ్బులు ఎవరివి పోవాలన్న దగ్గర గొడవ. ఈ సంభాషణ ఏ ఊళ్ళో, ఏ జిరాక్స్ సెంటర్‌లో అయినా ఇలాగే ఉంటుంది. అందుకే నేను చెప్పేది ఒకటే: లేయర్ల ఫైలును షాపు గడప దాటనివ్వకండి. ఇంట్లోనే ఫ్లాటెన్ చేసి, మీరు చూసిందే ఎవరికైనా కనిపించేలా మార్చి తీసుకెళ్ళండి.

అయితే ఫ్లాటెన్ అనే బటన్ ఉన్న ప్రతి సాధనమూ ఈ పని చేయదు. పీడీఎఫ్‌లో మూడు వేరువేరు వస్తువులను చదును చేయవచ్చు: దరఖాస్తు గడులు, లేయర్లు, పారదర్శకత. క్యూపీడీఎఫ్, పీడీఎఫ్‌టీకే రెండూ మంచి సాధనాలే, నేను పేజీలు విడదీయడానికి, కలపడానికి రోజూ వాడతాను. కానీ పీడీఎఫ్‌టీకేలోని ఫ్లాటెన్ గడులను మాత్రమే పేజీలో కలిపేస్తుంది, క్యూపీడీఎఫ్‌లోనిది పేజీ మీద అంటించిన వ్యాఖ్యలను కూడా. రెండూ లేయర్ల జోలికి పోవు. పని అయిందని సంతోషపడి, ఫలితాన్ని రీడర్‌లో తెరిస్తే కన్ను గుర్తులన్నీ పక్కన అలాగే ఉంటాయి. ఇదే మీకు పరీక్ష. ఫ్లాటెన్ అయిన ఫైలులో లేయర్ల పట్టీ ఖాళీగా ఉండాలి.

ఉచిత రీడర్‌తో చేసే పద్ధతి అందరూ చేయగలిగినది. ఫైలు తెరిచి, లేయర్ల పట్టీలో కావలసినవి వెలిగించి, ప్రింటు ఆదేశం ఇచ్చి, ప్రింటర్ల జాబితాలో విండోస్‌తో పాటే వచ్చే మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్‌ను ఎంచుకోవాలి. సైజు దగ్గర 'యాక్చువల్ సైజ్' పెట్టాలి. కొత్తగా పుట్టిన ఫైలులో లేయర్లు ఉండవు. నీడలు, మరకలు వింతగా వస్తున్నాయనిపిస్తే 'అడ్వాన్స్‌డ్'లోకి వెళ్ళి 'ప్రింట్ యాజ్ ఇమేజ్' గడిలో టిక్ పెడితే పేజీ మొత్తం ఒకే బొమ్మగా వెళుతుంది. మ్యాక్ వాడేవారికి మాత్రం ఈ దారి మూసుకుపోయింది. అక్కడ రీడర్ ప్రింటు కిటికీ నుంచి పీడీఎఫ్‌గా దాచుకోనివ్వదు.

రీడర్‌కు ఒక మేలు ఉంది, నేను వాడిన ఉచిత సాధనాల్లో అది ఇంకెవరికీ లేదు. కొందరు డిజైనర్లు లేయర్ల జాబితాను దాచేసి పేజీ మీదే చిన్న బటన్లు పెడతారు, 'తలుపు 1', 'తలుపు 2' అని. వాటి వెనక జావాస్క్రిప్ట్ ఉంటుంది. రీడర్‌లో అవి నమ్మకంగా పనిచేస్తాయి. అయినా ఆరు మార్కులే ఎందుకంటే, విసుగు. పన్నెండు పేజీల కోటలో ప్రతి పేజీకీ గోడ, నేల, అంచు, గీతలు ఎంచుకుని, నాలుగు బురుజులకు నాలుగు రకాలుగా తీయాలంటే నొక్కుళ్ళకు అంతుండదు. నెల తర్వాత ఇంకో బురుజు కావాలంటే అప్పుడు ఏవేవి వెలిగించారో గుర్తుండదు, మళ్ళీ మొదటి నుంచి.

డబ్బు పెట్టగలిగినవారికి అక్రోబాట్ ప్రోలో లేయర్ల పట్టీ మెనూలోనే 'ఫ్లాటెన్ లేయర్స్' ఉంది. ఒక్క నొక్కుతో అయిపోతుంది. కనబడనిదంతా ఫైలులోంచి తొలగిపోతుంది, వెనక్కి తెచ్చుకునే వీలుండదు, కాబట్టి నకలు మీదే చేయాలి. చందా కట్టి మరీ కాగితం ఇళ్ళు కట్టాలా అన్నది మీ ఇష్టం. నేనైతే కట్టను.

ఇక మ్యూటూల్. ఇది ఆర్టిఫెక్స్ కంపెనీ మ్యూపీడీఎఫ్‌తో పాటు ఇచ్చే ఉపకరణం. విండోస్‌కు జిప్ ఫైలుగా దొరుకుతుంది, ఇన్‌స్టాల్ చేసే తతంగం లేదు. విప్పి, మోడల్ ఉన్న ఫోల్డర్‌లో పెట్టి, కమాండ్ ప్రాంప్ట్ తెరిస్తే చాలు. దీని 'డ్రా' ఆదేశంలో హైఫన్ పక్కన చిన్న వై అక్షరంతో ఒక ఎంపిక ఉంది. కాగితం మోడళ్ళవారికి నిధి లాంటిది అదే, ఎందుకో దాని గురించి చెప్పేవారు తక్కువ. వై పక్కన సున్నా ఇచ్చి నడిపితే ఫైలులోని లేయర్లన్నీ వరుస అంకెలతో తెర మీద రాలతాయి. వెలిగి ఉన్నదాని పక్కన గుర్తు ఉంటుంది, ఆరి ఉన్నదాని పక్కన ఖాళీ. ఆ తర్వాత సున్నా పక్కన కామాలతో మనకు కావలసిన అంకెలు చేర్చి మళ్ళీ నడపాలి. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి: అంకె ఇస్తే ఆ లేయరు వెలగడం కాదు, ఉన్న స్థితి తిరగబడుతుంది. ముందే వెలిగి ఉన్నదాని అంకె ఇస్తే ఆరిపోతుంది. తిరగబడ్డ తర్వాతి జాబితాను కూడా తెర మీద చూపిస్తుంది గనుక, బొమ్మ తెరవకుండానే సరిచూసుకోవచ్చు.

ఈ ఆదేశాన్ని నోట్‌ప్యాడ్‌లో దాచుకోవడమే నాకు దీంట్లో నచ్చిన అసలు సంగతి. 'రాతి బురుజు, చెక్క తలుపు, గీతలు వద్దు' అన్నది ఒక వరుస. 'ఇటుక బురుజు' ఇంకో వరుస. ఎప్పుడు కావాలంటే అప్పుడు అతికించి నడిపితే అదే పేజీ, అదే కొలత, అదే రంగు. కన్ను గుర్తుల వెంట పడే పని లేదు. గ్రామంలో ఇరవై ఇళ్ళు కట్టాలనుకునేవారికి దీని విలువ వెంటనే తెలుస్తుంది.

మ్యూటూల్‌తో నేను పేజీని పీఎన్‌జీ బొమ్మగా తీస్తాను. రిజల్యూషన్ మాత్రం మీరే చెప్పాలి. చెప్పకపోతే 72 డీపీఐలో (అంగుళానికి 72 చుక్కలతో) తీస్తుంది, ఆ ఇటుకలు చూస్తే ఇటుకలు అనిపించవు. ఏ4 పేజీ 300 డీపీఐలో అడ్డం 2480, నిలువు 3508 చుక్కలు వస్తుంది. రంగుల బొమ్మలకు అది చాలు. సన్నని గీతలకు చాలదు. పావు పాయింటు మందమున్న కోత గీత అంటే 0.088 మిల్లీమీటర్లు, 300 డీపీఐలో ఒక చుక్క వెడల్పు 0.085. అంటే గీత మొత్తం ఒక చుక్క పట్టేంత, అది రెండు చుక్కల మధ్య పడితే నల్లగీత బూడిదరంగు మసకగా మారుతుంది. కట్టర్‌తో ఆ గీత మీద కోయడం కష్టం. అందుకని గీతలున్న పేజీలు 600 డీపీఐలో తీస్తాను. 600 డీపీఐ ఏ4 పేజీ మెమరీలో పది కోట్ల బైట్లు దాటుతుంది, పాత కంప్యూటర్ కాసేపు ఆలోచిస్తుంది. ఆలోచించనివ్వండి.

ఇంకో ఉపయోగం నేను షాపులోనే కనిపెట్టుకున్నాను. భాగాల నంబర్ల లేయరు ఒక్కటే వెలిగించి విడిగా బొమ్మ తీసి, దాన్ని కుడి ఎడమలు తారుమారయ్యేలా తిప్పి, రంగుల పేజీ వెనక వైపు ప్రింటు చేస్తాను. అంకెలు అద్దంలోలా తిరగబడి కనిపిస్తాయి గానీ చదవడానికి ఇబ్బంది లేదు. ముందు వైపు గోడ మీద ఒక్క గీత, ఒక్క అంకె లేకుండా శుభ్రంగా ఉంటుంది, కత్తిరించిన ముక్క ఎక్కడిదో వెనక్కి తిప్పితే తెలుస్తుంది. రెండు వైపుల ప్రింటులో ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిగినా అంకెలకు నష్టం లేదు. రీడర్‌తోనూ ఇది చేయవచ్చు, ఓపిక ఉంటే.

తీసిన పీఎన్‌జీ బొమ్మలను మళ్ళీ ఒకే పీడీఎఫ్‌గా కట్టడానికి ఇమేజ్‌టూపీడీఎఫ్ అనే చిన్న పైథాన్ సాధనం వాడతాను. అది బొమ్మను మళ్ళీ నొక్కి పాడు చేయదు. దానికి పేజీ కొలత ఒక్కటే చెబితే బొమ్మను పేజీకి సరిపోయేలా సాగదీసో కుదించో పెడుతుంది. బొమ్మ కొలత కూడా చెప్పాలి. ఈ రెండో మెట్టు ఉండడమే కొత్తవారికి మ్యూటూల్‌తో బెరుకు.

కొలత మాట వచ్చింది కాబట్టి, ఈ ఆటలో ఎక్కువ కార్డు వృథా చేసే దొంగ గురించి చెప్పాలి. ఈ మోడళ్ళలో అధికభాగం అమెరికావారి లెటర్ సైజుకు చేసినవి: 215.9 మిల్లీమీటర్లు అడ్డం, 279.4 నిలువు. మన ఏ4 అడ్డం 210, నిలువు 297. ప్రింటు కిటికీలో 'ఫిట్' అని ఉంటే లెటర్ పేజీ ఏ4 వెడల్పులోకి ఇమడడానికి 97 శాతానికి కుదించుకుపోతుంది, ప్రింటర్ అంచులు కూడా కలిస్తే ఇంకా తక్కువ. ఒక్క ఇల్లు ఒంటరిగా నిలబడితే ఎవరికీ తెలియదు. కానీ నేల పలకల మీద అంగుళం గళ్ళు ఉంటాయి. పది గళ్ళు వరుసగా వస్తే 254 మిల్లీమీటర్లు ఉండాల్సింది 247 అవుతుంది. ఒక షాపులో తీసిన నేల, ఇంకో రోజు ఇంకో ప్రింటర్‌లో తీసిన గోడ కలవవు. చాలామంది డిజైనర్లు అంచుల్లో అర అంగుళం దాకా ఖాళీ వదులుతారు గనుక లెటర్ పేజీని అసలు కొలతతోనే ఏ4 మధ్యలో పెట్టినా భాగాలు తెగవు. నేను ఫ్లాటెన్ చేసేటప్పుడే ఏ4 మీద కూర్చోబెడతాను, పేజీ మూలన వంద మిల్లీమీటర్ల గీత ఒకటి వేస్తాను. మొదటి కాగితం బయటకు రాగానే స్టీల్ స్కేలు పెట్టి చూస్తే చాలు.

గోస్ట్‌స్క్రిప్ట్ కూడా ఇప్పుడు ఆర్టిఫెక్స్‌దే, 1988 నుంచి ఉన్న పెద్దమనిషి. దీని బలం గీతలను గీతలుగానే ఉంచడం. విమానాలు, ఓడలు, రాకెట్ల మోడళ్ళలో రంగులు తక్కువ, సన్నని గీతలు, వంపులు ఎక్కువ. వాటిని బొమ్మగా మార్చకుండా కొత్త పీడీఎఫ్‌గా రాయించుకుంటే ప్రింటర్ తన పూర్తి పదునుతో గీస్తుంది. కానీ ఏ లేయరు వెలగాలో ఎంచుకునే సులువైన వీలు దీంట్లో లేదు. డిజైనరు పెట్టిన స్థితిని చదివి, దాని ప్రకారం గీస్తుంది. ఫైలుకు రాయమంటే ప్రింటు కోసమే అడిగారనుకుని ప్రింటు స్థితినే లెక్కలోకి తీసుకుంటుంది. ఎంపికలు లేని, గీతల కోసమే లేయర్లు పెట్టిన మోడళ్ళకు ఇది సరిపోతుంది. గోడలూ తలుపులూ మార్చుకునే ఇళ్ళకు పనికిరాదు.

పారదర్శకతను కూడా చదును చేయించాలంటే ఫలితాన్ని పీడీఎఫ్ 1.3 వెర్షన్‌లో అడగాలి, ఎందుకంటే పారదర్శకత వచ్చింది 1.4తో. గోడల మీది మాసిన మరకలు, చూరు కింది నీడలు ఇలాంటి పారదర్శక లేయర్లే. పాత రిప్‌లు (పేజీని ప్రింటరు కోసం చుక్కలుగా మార్చే సాఫ్ట్‌వేర్లు) వాటిని అర్థం చేసుకోలేక బూడిదరంగు డబ్బాలుగా వేస్తాయి. 1.3 అడిగితే ఆ డబ్బాలు పోతాయి. కానీ పారదర్శకత ఉన్న పేజీ మొత్తాన్నీ గోస్ట్‌స్క్రిప్ట్ ఒకే బొమ్మగా మార్చేస్తుంది, రిజల్యూషన్ చెప్పకపోతే 720 డీపీఐలో. అప్పుడు గీతలను గీతలుగా ఉంచే ఘనత ఎక్కడ మిగిలింది? ఆ పని మ్యూటూల్ మనం కోరిన లేయర్లతో చేసిపెడుతుంది. ఫైలు చిన్నది చేయడానికి చాలామంది కాపీ చేసుకునే గోస్ట్‌స్క్రిప్ట్ ఆదేశంలో 'స్క్రీన్' అనే అమరిక ఉంటుంది, అది బొమ్మలను 72 డీపీఐకి దించుతుంది. 'ప్రింటర్', 'ప్రీప్రెస్' రెండూ 300. కార్డు మీద ప్రింటు తీసేవారు ఆ రెంటిలో ఒకటి వాడాలి.

ఆన్‌లైన్ సైట్లలో నేను చూసినవి గడులను చదును చేసేవే ఎక్కువ. లేయర్లు ఎంచుకునే వీలు ఇచ్చినది నాకు దొరకలేదు. డబ్బిచ్చి కొన్న మోడల్‌ను, కొందరు అమ్మకందారులు కొన్నవారి పేరు కూడా ముద్రించి ఇచ్చే ఫైలును, ఎవరిదో తెలియని సర్వర్‌కు ఎక్కించడం నాకు నచ్చదు.

మ్యూటూల్‌కు కోసిన రెండు మార్కుల్లో ఒకటి నల్ల తెరకు. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో, పిల్లలకు ప్రాజెక్టు కోసం కోట కావాలని అడిగేవారిలో ఎవరినీ అక్కడ కూర్చోబెట్టలేను. వారికి రీడర్ పద్ధతి చూపిస్తాను. రెండోది జాబితా లేని ఫైళ్ళకు. డిజైనరు లేయర్ల జాబితా దాచి బటన్లే పెట్టిన చోట మ్యూటూల్ కూడా ఖాళీ జాబితానే చూపిస్తుంది, తిప్పడానికి అంకెలుండవు. అప్పుడు రీడర్‌కు వెళ్ళక తప్పదు. లేయర్లకు 'లేయర్ 14', 'లేయర్ 14 కాపీ' అని పేర్లు పెట్టే డిజైనర్ల పాపాన్ని మాత్రం దీని ఖాతాలో వేయను.

షాపుకు తీసుకెళ్ళేటప్పుడు, ఫ్లాటెన్ చేసిన పీడీఎఫ్‌ను వాట్సాప్‌లో పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గానే పంపండి. పీఎన్‌జీని ఫోటోగా పంపితే అది కుదించేసి 600 డీపీఐ శ్రమంతా నీళ్ళపాలు చేస్తుంది. ఫైలు పేరులోనే '100 శాతం, ఏ4, ఫిట్ వద్దు' అని రాసిపెట్టండి. ఆపరేటర్ పేరు చదువుతాడు, మీ మాట వినే తీరిక లేకపోయినా. 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల) కార్డు అడగండి, లేజర్ ప్రింటు అయితే మడత పెట్టే ముందు స్కేలు పెట్టి మొండి మొనతో గీత నొక్కండి, లేకపోతే టోనరు మడత దగ్గర పొట్టులా లేచి తెల్లగా కనబడుతుంది. దానికి ఏ ఫ్లాటెనూ మందు కాదు.